నీళ్లలో నువ్వు, ఒడ్డున మీరు

ఈ తీరంలో విరిగే అలలు దాటి అవతలికి పోయిన మొదటి మనిషిని నేనే. సర్ఫ్‌బోర్డులూ గిర్ఫ్‌బోర్డులూ అప్పటికింకా పుట్టలేదు. మా ఇంటి వీధి తలుపు ఊడదీసి, దాని మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ, మేడంత అలల కిందనుంచి దూరి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తల మీద టోపీ తడవలేదు. ఇక నా కళ్ల సంగతా? సముద్రం చివర పోయే ఓడలో వంటవాడు ఏ చేత్తో గరిట తిప్పుతున్నాడో ఇక్కణ్ణించి చెప్పేస్తాను.

ఇదంతా ఎందుకంటే, ఇప్పుడు చెప్పబోయే ప్రేమకథకి సాక్షిని నేను. సాక్షి ఎలాంటివాడో ముందే తెలిస్తే మీకూ నమ్మకంగా ఉంటుంది.

మా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, ఇక్కడ సర్ఫింగ్ నేర్పుతుంది. బోర్డులు పెట్టుకునే షెడ్డు మా అమ్మాయిది. షెడ్డు ముందు ఒక టీ స్టవ్వు, దాని పక్కన ఒక బెంచీ. బెంచీ నాది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి దాని మీద కూర్చుని ధైర్యం చెప్పడం నా డ్యూటీ. నేను చెప్పిన ధైర్యానికి కొందరు బోర్డు ముట్టుకోకుండానే ఇంటికి వెళ్లిపోయిన మాట కూడా నిజమే.

మనవరాలికి ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఉన్నంతసేపూ అందరితోనూ మర్యాదే. "ఏమండీ, ఇటు రండి." "ఏమండీ, ఆ బోర్డు కాదండీ, ఇది." బస్సు కండక్టరూ ఏమండీయే, షెడ్డులోకి దూరిన పిల్లీ ఏమండీయే. నీళ్లు నడుము దాటాయంటే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ బ్యాంకు మేనేజరైనా, రిటైరైన జడ్జిగారైనా నువ్వే. వంగు, పట్టుకో, తిరుగు, తొయ్యి. ఒక పెద్దమనిషి నొచ్చుకుంటే, ఒడ్డుకొచ్చాక ఎంతో వినయంగా చెప్పింది. "మీరు దయచేసి తల వంచండి అనేలోపు అల వచ్చి ఆ దయచేసినీ మిమ్మల్నీ కలిపి పట్టుకుపోతుందండీ."

నీళ్లలో నువ్వు, ఒడ్డున మీరు. ఈ ముక్క మనసులో ఉంచుకోండి.

ఇక అబ్బాయి. బజార్లో కళ్లద్దాల షాపు అతనిది. సన్నగా, పొడుగ్గా, ఇంట్లో ఏదో మర్చిపోయి బయల్దేరినవాడి మొహంతో ఉంటాడు. షాపుకి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాడు. వీధి మలుపుదాకా వెళ్లి మళ్లీ వస్తాడు. దూరపు చూపు బొత్తిగా లేదు. కళ్లజోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో పోల్చుకోలేడు.

నా కళ్లు పరీక్ష చేయించాలని మనవరాలు నన్ను ఆ షాపుకి లాక్కుపోయింది. నాకేం అవసరం అన్నాను. వినలేదు. అతను నన్ను ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు వేసి, ఎదురుగా కనపడే అక్షరాలు చదవాలన్నాడు. పై వరస నుంచి కింది వరస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేశాను. మా ఊరి బడిలో ఎక్కాలు అప్పజెప్పినవాణ్ణి, అక్షరాలొక లెక్కా? అతను చేతులు నులుముకున్నాడు.

"బాగా చదివారు తాతగారూ. కాకపోతే నేనింకా అక్షరాల బోర్డు తగిలించలేదండీ."

మనవరాలికి నవ్వు ఆగలేదు. పడిపడి నవ్వుతూ పక్కనున్న ఫ్రేముల స్టాండు పట్టుకుంది. స్టాండు ఊగింది. అతని ప్రాణం కూడా దాంతో పాటే ఊగింది. రెండు చేతులూ చాచి, స్టాండుని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

"ఏమండీ, ఇన్ని కళ్లజోళ్లు పెట్టుకుని ఇంత భయమేంటండీ మీకు?" అంది.

"భయం కాదండీ, జాగ్రత్త."

"ఆ రెంటికీ తేడా మా సముద్రంలో తెలుస్తుంది. ఒకసారి రండి."

ఆమె మాటవరసకి అంది. అతను వచ్చేశాడు.

మొదటిరోజు క్లాసు ఇసకలోనే. అల నురగలు కక్కుతూ మీదికొస్తుంటే ఏం చెయ్యాలో మనవరాలు అందరికీ చూపించింది. బోర్డు అంచులు రెండూ గట్టిగా పట్టుకుని, బోర్డుతో సహా దొర్లి నీళ్ల కిందకి వెళ్లిపోవాలి. పైన బోర్డు, కింద మనిషి. డిప్ప కింద తల దాచుకున్న తాబేలన్నమాట. అల బోర్డు వీపు మీంచి జారిపోగానే మళ్లీ దొర్లి పైకొచ్చి, చేతులతో నీళ్లు తోసుకుంటూ ముందుకి పోవాలి. ఇంత కథ నీళ్లలో చెప్పే టైం ఉండదు కాబట్టి ఒకటే మాట. తాబేలు. ఆ మాట వినపడితే దొర్లెయ్యడమే.

ఇదంతా ఆమె చెబుతున్నప్పుడు మన అద్దాలబ్బాయి నా దగ్గరున్నాడు. కళ్లజోడు తీసి, బట్టలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బా నా చొక్కా జేబులో పెట్టి, జేబుకి గుండీ పెట్టమని బతిమాలుతున్నాడు. నేను గుండీ పెట్టాను. కాదు, పెట్టినట్టు నటించాను, ఆ గుండీ ఊడి చాలా కాలమైంది. అతను తృప్తిగా నీళ్లలోకి దిగాడు.

దిగాడో లేదో కేక. "తాబేలు! తాబేలు!"

కళ్లకి ఏమీ ఆనని మనిషి, కేక ఎటునుంచి వచ్చిందా అని తల తిప్పి వెతికాడు. అల వచ్చి అతన్ని బోర్డునీ విడివిడిగా తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. ముక్కులోంచీ చెవుల్లోంచీ ఇసక కారుతుంటే, లేచి నిలబడి, అక్కడున్న స్తంభంతో గొడవకి దిగాడు. అది స్తంభమని చెప్పి నేను భుజం పట్టుకుని ఆమె వైపు తిప్పాను.

"నేను మెల్లగా వెళ్తున్నానని నాకూ తెలుసండీ. అందరి ముందూ అలా తాబేలు తాబేలు అని వెక్కిరించాలా?"

ఆమె తెల్లబోయింది. "మిమ్మల్ని అనలేదండీ. తాబేలు అవ్వమన్నాను."

"ఇంకా అవ్వడమేమిటండీ, అయ్యే ఉన్నాగా."

ఆ మాటతో షెడ్డంతా ఘొల్లుమంది. ఆ రోజునుంచీ అతని పేరు తాబేలు. నేనూ అదే అనేవాణ్ణి, మా అమ్మాయీ అదే అనేది. ఆఖరికి అతని షాపుకెళ్లి తాబేలుగారున్నారా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

పొద్దున్నే షాపు తెరవకముందు రావడం, అలలతో తన్నులు తినడం, తడిబట్టల్తో పరుగెత్తడం. ఇదీ అతని దినచర్య. అలలు విరిగే చోటు దాటడం మాత్రం ఒక్కరోజూ కుదరలేదు. సగం దూరం పోయేవాడు. తాళం వేశానా లేదా అన్న మొహంతో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేవాడు. అంతే, ఒడ్డున ఉండేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అందరూ షెడ్డులోకి పరుగెత్తారు. అతని కళ్లజోడు నిండా చినుకులు. తుడుచుకుందామంటే ఒంటి మీద పొడి గుడ్డ లేదు. మనవరాలు దాన్ని లాక్కుని, తన టవల్లో పొడిగా ఉన్న మూల వెతికి, రెండద్దాలూ తుడిచి, తనే అతని చెవులకి తగిలించింది. కళ్లజోడు పెట్టేటప్పుడు మొహాలు ఎంత దగ్గరగా వస్తాయో అతని వృత్తిలో అతనికి తెలియంది కాదు. కానీ ఎప్పుడూ పెట్టేది తను. పెట్టించుకోవడం అదే మొదలు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"థ్యాంక్సండీ."

"పర్లేదండీ."

బయట అంత వాన కురుస్తోంది, లోపల చూస్తే ఈ అండీలు. ఈ అండీల మధ్యలోంచి ప్రేమ ఎక్కడ దూరుతుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆ సాయంత్రం మనవరాలు కాలు జారకుండా పూసే మైనాన్ని ఒకే బోర్డుకి రెండుసార్లు రుద్దింది. మా అమ్మాయి చూసింది.

మా అమ్మాయి దిగులు వేరే ఉంది. వచ్చిన సంబంధాల వాళ్లందరూ పెళ్లయ్యాక ఈ సముద్రం మానెయ్యాలి అనేవారే. మనవరాలు వాళ్లతో వాదించేది కాదు. బోర్డు తీసుకుని అలల అవతలికి వెళ్లి, నీళ్లు నున్నగా ఉండేచోట, బోర్డు మీద అటో కాలూ ఇటో కాలూ వేసుకుని కూర్చునేది. వాళ్లు వెళ్లిపోయాక తిరిగొచ్చేది. ఒకసారి తల్లి గట్టిగా నిలదీస్తే ఒకే మాట చెప్పింది. "నా ఇల్లు అక్కడమ్మా. అక్కడికొచ్చి నా పక్కన కాసేపు ఊరికే కూర్చోగలిగినవాడు దొరికితే చెప్పు." అక్కడికి పెళ్లిళ్ల పేరయ్యలు ఈదలేరు.

ఈ మాట తాబేలు చెవిన పడింది. ఎవరు వేశారని అడక్కండి.

అంతలో సీజను ముగింపుకొచ్చింది. వానలు ముదిరితే మా అలలు నేర్చుకునేవాళ్ల వల్ల కావు. అందుకని షెడ్డు మూసేసి, సముద్రం మెత్తబడేదాకా మనవరాలు దూరంగా ఇంకో తీరానికి ఉద్యోగానికి పోతుంది. ఈసారి అక్కడివాళ్లు ఏకంగా ఉండిపొమ్మంటున్నారు. ఉంటానని అనలేదు, ఉండనని కూడా అనలేదు. రేపు బస్సు అనగా తాబేలు నా బెంచీ మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇవాళ ఎలాగైనా అవతలికి వెళ్లి ఆవిడతో చెప్పేస్తానన్నాడు.

ఆ చెప్పేదేదో ఇసకలో నిలబడి చెప్పొచ్చు కదరా, మునిగిపోయేదేమీ ఉండదు అన్నాను.

"ఒడ్డున ఆవిడకి అందరూ ఏమండీయే తాతగారూ, నేనూ బస్సు కండక్టరూ ఒకటే. నీళ్లలో అందరూ నువ్వే. నాకంటూ విడిగా ఒక పిలుపు లేదు. తాబేలు ఉందనుకోండి, అది మీరూ అంటారు." కళ్లజోడు డబ్బా నా జేబులో పెడుతూ, "అవతల ఇంకెవరూ ఉండరు కదా. అక్కడ నన్ను ఏమని పిలుస్తుందో వినాలనుంది" అన్నాడు.

బోర్డు తెచ్చి అతని చేతికిచ్చాను.

ఆ రోజు సముద్రం మంచి కోపంలో ఉంది. ఒక అల వెనక ఒకటి, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేదు. మిగతావాళ్లు నీళ్లవంక చూసి బెంచీకే అతుక్కుపోయారు. మనవరాలు అతని దగ్గరికొచ్చి, ఏమండీ, ఇవాళ వద్దండీ అంది.

"ఇవాళ కాకపోతే మళ్లీ ఎప్పుడండీ?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అతనికి అప్పటికే కళ్లజోడు లేదు, ఆ చూపు అతనికి అందలేదు. నేను చూశాను. ఆమె వంగి, అతని కాలికి కట్టే బోర్డు తాడు తనే విప్పి, తనే మళ్లీ కట్టింది. తన పక్కనే ఉండమంది. ఇద్దరూ దిగారు.

మొదటి అల దాటారు. రెండోదానికి ఇద్దరూ దొర్లారు, ఇద్దరూ తేలారు. మా అమ్మాయి టీ వడకట్టడం మానేసి ఒడ్డుకొచ్చి నిలబడింది. నేనూ లేచాను. తాబేలు చేతులు మిల్లు చక్రాల్లా తిరుగుతున్నాయి. వెనక్కి తిరిగి చూడటం లేదు. సగం దాటాడు. సగం కన్నా ఎక్కువే దాటాడు.

అప్పుడు లేచింది ఒక అల, రెండంతస్తుల మేడంత. మనవరాలు గొంతు చించుకుని అరిచింది.

"తాబేలు!"

అక్కడ దెబ్బతింది వ్యవహారం. ఆ పిచ్చిమారాజు, తనని పిలుస్తోందనుకున్నాడు. తల ఎత్తి, ఆమె వైపు తిరిగి, నవ్వుతూ, చెయ్యి ఊపాడు.

అల విరిగింది.

నాకు తెల్లటి నురగ తప్ప ఏమీ కనపడలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కుదిపేస్తోంది. "నాన్నా, అబ్బాయి కనపడుతున్నాడా, చెప్పు నాన్నా" అని. ఓడలో వంటవాడి గరిట చూసే కళ్లు కదా నావి. జేబులోంచి డబ్బా తీసి, అతని కళ్లజోడు నేను పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత అంత దూరం అంత స్పష్టంగా చూశాను. కనపడింది ఖాళీ బోర్డు. దానికి వేలాడుతూ తెగిన తాడు.

ఆ కంగారులో దిగమంది మా అమ్మాయి. ఏమైనా చెయ్యమంది. దిగాను. మోకాళ్ల దాకా దిగి ఆగిపోయాను, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక అంతకంటే లోతుకి నేను పోలేదు. నాకు ఈత రాదు. ఆ వీధి తలుపు ఇప్పటికీ మా గుమ్మానికే ఉంది, ఏనాడూ గుమ్మం దాటలేదు. "తెలుసులే నాన్నా, పైకి రా, నిన్ను కూడా వెతకలేను" అని మా అమ్మాయి నా కాలరు పట్టుకుని వెనక్కి లాగి, ప్రమాదం విజిలు ఊదుతూ ఇంకో బోర్డు కోసం షెడ్డు వైపు పరుగెత్తింది.

మనవరాలు అలల మధ్య బోర్డు మీద లేచి కూర్చుని నలువైపులా చూస్తోంది. నోరు తెరిచింది. "తా" అంది, అంతలోనే ఆగిపోయింది. ఆ అవస్థ నాకిక్కడికి తెలిసింది. తాబేలు అని పిలిస్తే, ఎక్కడో తేలబోతున్నవాడు ఈసారి దాన్ని ఆర్డరనుకుని మళ్లీ మునుగుతాడు. ఎలా పిలవాలి? నువ్వు అంటే అందరూ నువ్వే. ఇంకో అల వస్తోంది. టైం లేదు. అప్పుడు గాలి ఒడ్డు వైపే వీస్తోంది కాబట్టి, ఆ కేక ఒడ్డున నిలబడ్డ ప్రతి మనిషీ విన్నాడు.

"ఏమండీ!"

విజిలు ఆగిపోయింది. షెడ్డు గుమ్మంలో మా అమ్మాయి బోర్డుతో సహా బిగుసుకుపోయింది. ఈ పిల్ల నీళ్లలో జడ్జిగారినే ఏమండీ అని ఎరగదు. పైగా ఆ గొంతు బస్సు కండక్టర్ని పిలిచే గొంతు కాదు. ఇంట్లో వెనక గదిలో ఉన్న మనిషిని, ఎంతకీ పలక్కపోతే, కంగారుపడి పిలిచే గొంతు.

"ఏమండీ! ఎక్కడున్నారండీ!"

అప్పుడు, అలలన్నిటికీ అవతలనుంచి, చాలా మామూలుగా, పేపరు చదువుకుంటున్నవాడు పలికినట్టు ఒక గొంతు వినపడింది. "ఆఁ. ఇక్కడేనండీ."

కళ్లజోడు సర్దుకుని చూశాను. నున్నటి నీళ్లలో వెల్లకిలా తేలుతూ ఒక తలకాయ. జరిగిందేమిటంటే, బోర్డు పోయాక అతను కొట్టుకోలేదు. సముద్రం లాగితే దాంతో పోట్లాడొద్దు, ఊరికే తేలు అని ఆమె నేర్పిన ముక్కని నమ్ముకుని, వచ్చిన ప్రతి అలకీ తల ముంచి, వెనక్కి లాగే నీటితో పాటు పోయాడు. కళ్లు కనపడవు కాబట్టి ఎటు పోతున్నాడో తెలియదు. తెలియకుండానే అవతలికి చేరాడు. ఆమె ఇంటికి చేరి, ఇల్లెక్కడా అని వెతుక్కుంటున్నాడన్నమాట.

మనవరాలు బోర్డు మీద బోర్లా పడి ఎలా తోసుకుంటూ వెళ్లిందో, నీళ్లకి కూడా అర్థమై ఉండదు. అతన్ని తన బోర్డు మీదికి లాక్కుంది. ఆ బోర్డు మీద ఇద్దరు కూర్చోవచ్చని నాకు అప్పుడే తెలిసింది. తరవాత ఏమైందో పెద్దవాణ్ణి కనక కళ్లజోడు తీసేశాను. కాసేపటికి మళ్లీ పెట్టుకున్నాను. ఇంకా కూర్చునే ఉన్నారు. మా అమ్మాయి ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ, ఇంకా రారేం నాన్నా, ఏం చేస్తున్నారక్కడ అని నా ప్రాణం తోడేసింది. ఊరికే కూర్చున్నారే అన్నాను. మా అమ్మాయి నడక ఆగింది. కొంగుతో కళ్లొత్తుకుని, వెళ్లి స్టవ్వు వెలిగించింది.

ఒక చిన్న అల మీద ఇద్దరూ ఒకే బోర్డుతో ఒడ్డుకి జారుకుంటూ వచ్చారు. అతను చలికి గజగజ వణికిపోతున్నాడు. మనవరాలు టవలు తెచ్చి అతని నెత్తిన పడేసింది.

"బాగా తుడుచుకో. నీకేమైనా బుద్ధుందా? పిలిస్తే చెయ్యి ఊపుతావా?"

మా అమ్మాయి గరిట చేత్తోనే వెనక్కి తిరిగింది. "ఏమిటే ఇది, అక్కడేమో ఏమండీ, ఇక్కడేమో నువ్వు?"

"ఉప్పునీళ్లు తాగానమ్మా, తిరగబడింది" అంది మనవరాలు, తలెత్తకుండా.

మా అమ్మాయి గ్లాసు నిండా టీ పోసి, అందరికన్నా ముందు అతనికి అందించింది. "తాగు బాబూ, వేడిగా ఉంది, జాగ్రత్త." అప్పటిదాకా తాబేలు తప్ప మరో మాట ఎరగని నోరది. నేను కళ్లజోడు తీసి అతనికి పెట్టబోతే మనవరాలు నా చేతిలోంచి లాక్కుంది. ఆ పని నాది కాదట.

మర్నాడు బస్సెక్కింది. ఏకంగా ఉండిపోవడానికి మాత్రం కాదు. సముద్రం మెత్తబడగానే వచ్చేసింది. ఇప్పుడు వాళ్లది ఒకే ఇల్లు. ఇంట్లో అతను నువ్వు, అలల్లోకి దిగితే ఏమండీ. నీళ్లలో కేక కూడా మార్చేసింది. తాబేలు తీసేసి, దొర్లు అంటోంది. నాకూ ఒక కళ్లజోడు వచ్చింది, ఈసారి నిజంగా బోర్డు తగిలించే పరీక్ష చేశాడు.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ అల మేడంత అన్నాను కదా, అది అంతే, నేనేమీ తగ్గించను. ఆ ఏమండీ కూడా నిజం, ఒడ్డంతా సాక్ష్యం. కానీ దానికి అతను ఆఁ, ఇక్కడేనండీ అని పలికాడన్నది నా కల్పన. అంత హోరులో అంత దూరంనుంచి ఎవరికి వినపడుతుంది? అతను ఏదో అన్నాడు, ఆమె అటు తిరిగింది, అంతవరకే నేను చూసింది. ఏమన్నావురా అని అతన్ని అడిగాను. ఏమన్నాడే అని ఆమెను అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు, చెప్పరు. వాళ్లు చెప్పేదాకా నేను చెప్పిందే ఖాయం.